తొలకరి పడకముందే మామిడి దుంగని కోయించేయండి

ఈదురుగాలికి పెరట్లో మామిడి చెట్టు పడిపోయిందా? వంటచెరకుకి ఇచ్చేయకండి, అలాగని వానల్లో మట్టి మీదా వదిలేయకండి. మేం ఆ తప్పే చేశాం. తాతయ్య నాటిన చెట్టు కదా, వానలు తగ్గాక తీరిగ్గా చూద్దాంలే అనుకుని దసరాకి కోయిస్తే లోపలంతా నల్లటి చారలు, బెరడు కింద గుండుసూది మొనంత బెజ్జాలు, వేలితో తడితే జల్లెడ పట్టిన పిండిలా పొడి రాలింది. చాలా బాధేసింది. మామిడి చెక్కకి బూజూ పుచ్చూ తొందరగా పడతాయి, తడిస్తే ఇక చెప్పక్కర్లేదు.

మిల్లుకి తీసుకెళ్లే ముందు అటవీ శాఖ ఆఫీసులో ఒక మాట అడగండి, చెట్టు మనదే అయినా నీరు, నేల, చెట్ల రక్షణకి 2002లో తెచ్చిన వాల్టా చట్టం ఉంది. కొమ్మలు కొట్టేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోండి, సొన తగిలితే కొందరికి ఒళ్లు పొక్కిపోతుంది. నేలకి ఒరిగి వంగిపోయిన కొమ్మ తెగగానే ఎగిరి తంతుంది, అది అలవాటున్నవాళ్లకే వదిలేయండి.

దుంగ కోసిన రోజే, మర్నాడు కాదు, రెండు చివరలకీ కరిగించిన మైనమో పాత ఆయిల్ పెయింటో దట్టంగా పూయండి. చెక్కలో నీరు చివర్ల నుంచే ముందు పోతుంది, అందుకే బీటలూ అక్కడే మొదలవుతాయి. బెరడు మొత్తం తీయించి అంగుళం, అంగుళంన్నర పలకలు కోయించండి. నడిమధ్య దవ్వ ఉన్న పలక ఎలాగూ పగులుతుంది, దాన్ని పక్కన పెట్టేయండి.

పేర్చడంలోనే ఉంది అసలు పని. నేలకి అడుగు ఎత్తున ఇటుకలు, వాటిమీద పలకలు, ప్రతి వరసకీ మధ్య అడుగున్నర దూరంలో ఒకే మందం ఉన్న ఎండిన బద్దలు, అవి కింద నుంచి పైదాకా ఒకే గీతలో ఉండాలి, లేకపోతే పలక వంకర తిరుగుతుంది. పైన రేకు, దానిమీద బరువు, చుట్టూ గాలి ఆడాలి. వాన టెన్షన్‌తో టార్పాలిన్ చుట్టేశారా, లోపల ఆవిరి పట్టి బూజు ఖాయం. ఎండలోనూ పెట్టొద్దు.

పడింది పనస అయితే మాత్రం పలకలు కోయించే ముందు ఆగండి. బొబ్బిలి వీణ చేసేది ఆ చెక్కతోనే, అదీ ఒకే దుంగలోంచి తొలిచి. మంచి దుంగయితే ఆ వీణలు చేసేవాళ్లని అడిగి చూడండి.

అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుంది. ఒక పలక మీద నంబర్ వేసి నెలనెలా తూచి, ఆ బరువు చెక్క మీదే పెన్సిల్‌తో రాసుకోండి. వానలు పోయాక కూడా రెండు మూడు నెలలు అంకె మారకపోతే అప్పుడు వడ్రంగిని పిలవండి.