బ్యాక్‌లాగ్ ఐటమ్ ఎక్కడ బెడిసికొట్టింది? సమస్యలు - పరిష్కారాలు

స్ప్రింట్, అంటే టీమ్ ఒక విడతగా పెట్టుకున్న కొద్ది వారాల పని, చెడితే ముందు కోడ్‌లో వెతుకుతాం. చాలాసార్లు తప్పు రెండు వారాల కిందట జిరాలో (పనులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్) హడావిడిగా కొట్టిన ఒక్క లైన్‌లో ఉంటుంది. చేయాల్సిన పనుల జాబితా బ్యాక్‌లాగ్ అయితే, అందులో ఒక్కో పనీ ఒక ఐటమ్. కింద రాసినవన్నీ మా టీమ్ పడ్డ పాట్లే. మొదటిదానికి బాగా డబ్బు వదిలింది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

సమస్య: "అయిపోయింది" అనుకున్న పని మళ్లీ మన నెత్తికే వస్తోంది

అప్పుడు ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ యాప్ చేస్తున్నాం. ఐటమ్‌లో ఉన్నది ఇంతే: "అపాయింట్‌మెంట్ రిమైండర్ ఎస్సెమ్మెస్ తెలుగులో కూడా వెళ్లాలి." డెవలపర్ ఇంగ్లీష్ మెసేజ్‌ని తెలుగు చేయించి పెట్టేశాడు. డెమోలో ఫోన్ మోగింది, అందరూ బాగుందన్నారు. నెలాఖరులో ఎస్సెమ్మెస్ బిల్లు చూసి ప్రొడక్ట్ ఓనర్‌కి (ఏ పనులు చేయాలో, ఏది ముందో తేల్చే మనిషి) చెమటలు పట్టాయి.

కారణం: మామూలు ఇంగ్లీష్ ఎస్సెమ్మెస్‌లో 160 క్యారెక్టర్లు పడతాయి. అందులో తెలుగు అక్షరం ఒక్కటి చేరినా ఆ లెక్క 70కి పడిపోతుంది. 70 దాటితే మెసేజ్ 67 చొప్పున ముక్కలవుతుంది, ప్రతి ముక్కకీ ఛార్జీ. పైగా "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలే గానీ ఫోన్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. డెవలపర్‌ని అని లాభం లేదు. ఏం చేయాలో ఐటమ్ చెప్పింది, ఎలా ఉంటే ఒప్పుకుంటామో చెప్పలేదు.

పరిష్కారం: యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే పని ఎలా ఉంటే ఒప్పుకుంటామో ఆ షరతులు, రాయడమే, కాకపోతే ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరే కూర్చుని రాస్తే కుదరదు. మేం రిఫైన్‌మెంట్‌కి (ఐటమ్‌లను ముందే చర్చించి సరిచేసుకునే మీటింగ్) టెస్టర్‌ని కూడా కూర్చోబెట్టి, "ఇది చదివి నువ్వు మొదట ఏం టెస్ట్ చేస్తావు?" అని అడిగాం. "పేరు బాగా పొడుగైతే?" అంది వెంటనే. ఆ ప్రశ్న నెల ముందు పడి ఉంటే బిల్లు మిగిలేది. తిరగరాసిన ఐటమ్ ఇదీ:

> తెలుగు ఎంచుకున్న పేషెంట్‌కి ముందు రోజు సాయంత్రం 6కి రిమైండర్ తెలుగులో అందాలి. ఎందుకంటే పరగడుపున రావాలన్న సంగతి తెలియక చాలామంది టిఫిన్ చేసి వస్తున్నారు.
> - మెసేజ్ రెండు ముక్కలు, అంటే 134 క్యారెక్టర్లు దాటకూడదు.
> - పేరుతో కలిపి అది దాటితే పేరు తీసేసి పంపాలి.
> - పరగడుపు అక్కర్లేని టెస్టులకు ఆ వాక్యం ఉండకూడదు.
> - అపాయింట్‌మెంట్ రద్దయితే మెసేజ్ వెళ్లకూడదు.
> - భాష ఎంచుకోనివాళ్లకు ఇప్పుడున్న ఇంగ్లీష్ మెసేజే.

"ఎందుకంటే" అన్న వాక్యం చూడండి. అది లేకపోతే మూడో పాయింట్ ఎవరికీ తట్టేది కాదు.

ఇక "కోడ్ రివ్యూ కావాలి, యూనిట్ టెస్టులు ఉండాలి" లాంటివి ఇక్కడ రాయకండి. అవి ప్రతి ఐటమ్‌కీ వర్తిస్తాయి, డెఫినిషన్ ఆఫ్ డన్‌లో (ఏ పనైనా పూర్తయిందనడానికి టీమ్ పెట్టుకున్న ఉమ్మడి షరతుల జాబితా) ఒక్కసారి ఉంటే చాలు.

సమస్య: ఎస్టిమేషన్‌లో ఒకరు 3 అంటే ఇంకొకరు 13 అంటున్నారు

ఈ అంకెలు పని ఎంత పెద్దదో చెప్పే పాయింట్లు. మధ్యలో 8 వేసేసి ముందుకెళ్లడం అందరం చేసిన పాపమే. ఆ ఇద్దరి బుర్రల్లో ఉన్నవి రెండు వేరువేరు పనులు. ముందు ఆ ఇద్దర్నే మాట్లాడనివ్వండి. 13 అన్నాయన సాధారణంగా మిగతావాళ్లు చూడని గొయ్యి ఏదో చూసి ఉంటాడు.

పని నిజంగానే పెద్దదైతే కోయాలి. కానీ స్క్రీన్ ఒక ఐటమ్, ఏపీఐ ఒకటి, డేటాబేస్ ఒకటి అని అడ్డంగా కోస్తే మూడూ పూర్తయ్యేదాకా చూపించడానికి ఏమీ ఉండదు. నిలువుగా కోయండి: మొదట ఒక్క బ్రాంచికి, ఒక్క రకం అపాయింట్‌మెంట్‌కి రిమైండర్ వెళ్లాలి. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకునేవాళ్ల సంగతి తర్వాతి ఐటమ్.

సమస్య: "యూజర్‌గా నాకు డ్రాప్‌డౌన్ కావాలి, డ్రాప్‌డౌన్ వాడటం కోసం"

నవ్వకండి, మీ బ్యాక్‌లాగ్‌లోనూ ఉంటుంది. "డేటాబేస్‌గా నాకు ఇండెక్స్ కావాలి" అని రాసింది కూడా చూశాను.

కారణం: "ఫలానావాడిగా నాకు ఫలానాది కావాలి, ఫలానా దాని కోసం" అన్న యూజర్ స్టోరీ మూస నింపితే ఐటమ్ రాసినట్టే అన్న భ్రమ. ఈ మూస 2001 ప్రాంతంలో బ్రిటన్‌లోని కనెక్స్‌ట్రా అనే కంపెనీ టీమ్ తన అవసరానికి కట్టుకున్నది. స్ప్రింట్లతో పనిచేసే స్క్రమ్ పద్ధతికి ఆధారమైన 2020 స్క్రమ్ గైడ్‌లో యూజర్ స్టోరీ అన్న మాటే లేదు.

పరిష్కారం: మూస పక్కనపెట్టి ఎవరికి, ఎప్పుడు, ఏం ఇబ్బందో మామూలు మాటల్లో రాయండి. "రిసెప్షన్‌లో పొద్దున రద్దీ టైమ్‌లో 40 టెస్టుల లిస్టు స్క్రోల్ చేయలేక తప్పు టెస్టు నొక్కేస్తున్నారు." ఇక డ్రాప్‌డౌనా, సెర్చా అన్నది డెవలపర్లు తేలుస్తారు. ఇండెక్స్ (డేటాబేస్‌లో త్వరగా వెతకడానికి చేసే ఏర్పాటు) పనైతే "రిపోర్టుల పేజీ తెరుచుకోవడానికి 9 సెకన్లు, 2 లోపు రావాలి" అంటే సరిపోతుంది. దానికి యూజర్ వేషం వేయక్కర్లేదు.

సమస్య: నాలుగు పేజీలు రాసినా మళ్లీ అవే ప్రశ్నలు

అంత ఎవరూ చదవరు, అదే కారణం. ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి తెచ్చినవాళ్లలో ఒకడైన రాన్ జెఫ్రీస్ 2001లోనే స్టోరీకి మూడు భాగాలన్నాడు: కార్డు, సంభాషణ, నిర్ధారణ. మనం మధ్యదాన్ని ఎగ్గొట్టి మొదటిదాన్ని సాగదీస్తున్నాం. పది నిమిషాలు మాట్లాడి, తేలిన నిర్ణయాలు మాత్రమే ఐటమ్‌లో పెట్టండి. చాట్‌లో తేలినవి కూడా అదే రోజు అందులోకి ఎక్కాలి.

సమస్య: పని సగంలో ఆగిపోయింది

బయటివాళ్ల మీద ఆధారపడ్డ సంగతి ఐటమ్‌లో లేదు. మన దేశంలో కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్ టెంప్లేట్‌ని ముందే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వ్యవస్థ) రిజిస్టర్ చేయించాలి. తెలుగు టెంప్లేట్‌కి ఆమోదం వచ్చేదాకా మా కోడ్ ఊరికే కూర్చుంది. ఇప్పుడు అలాంటి పర్మిషన్లు చేతికొచ్చాకే ఐటమ్‌ని స్ప్రింట్‌లోకి లాగుతున్నాం.

సమస్య: బ్యాక్‌లాగ్ అడుగున 300 ఐటమ్‌లు, వాటి జోలికి ఎవరూ పోరు

ఏడాదిగా ఎవరూ తెరవనివి మూసేయండి. మేం అలా మూసినవాటిలో తిరిగొచ్చింది ఒక్కటే: రిపోర్ట్ రెడీ కాగానే మెసేజ్ పంపడం. పాత ఐటమ్‌ని మళ్లీ తెరవలేదు. అడిగిన బ్రాంచి మేనేజర్‌ని కాల్‌లోకి పిలిచి కొత్తగా రాసుకున్నాం.