మార్గరెట్ రివర్ రోడ్ ట్రిప్: ముందు డ్రైవర్ ఎవరో తేల్చండి, వైన్ సంగతి తర్వాత

ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పెర్త్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది, వైన్‌కి పేరున్న మార్గరెట్ రివర్‌ని ఒక్క రోజులో చుట్టేసి వచ్చేద్దాం అనుకుంటారు, మ్యాప్‌లో చూస్తే పక్కనే ఉన్నట్టు ఉంటుంది కదా మరి. పెర్త్ నుంచి దాదాపు 270 కిలోమీటర్లు, మూడు గంటల డ్రైవ్, అంటే పోనూ రానూ ఆరు గంటలు సీట్లోనే అయిపోతాయి, మిగిలిన టైంలో ఒక వైనరీ (వైన్ తయారుచేసే చోటు), ఒక బీచ్, నాలుగు ఫోటోలు, అయిపాయె. దానికోసం అంత దూరం ఎందుకు? కనీసం రెండు రాత్రులు ఉండండి, మూడైతే హాయిగా ఉంటుంది.

ముందు ఊరి లెక్క అర్థం చేసుకోండి, ఎందుకంటే మార్గరెట్ రివర్ అంటే ఒక టౌన్ పేరే కాదు, మొత్తం ఏరియాని కూడా అలాగే అంటారు. ఉత్తరాన కేప్ నాచురలిస్ట్, దక్షిణాన కేప్ ల్యూవిన్, రెండిటి దగ్గరా లైట్‌హౌస్‌లు, మధ్యలో సముద్రానికి సమాంతరంగా కేవ్స్ రోడ్ అనే దాదాపు 110 కిలోమీటర్ల రోడ్డు. ట్రిప్ అంతా ఈ రోడ్డు మీదే నడుస్తుంది, ఒక పక్క ద్రాక్షతోటలు, ఇంకో పక్క కాసేపు లోపలికి తిరిగితే సముద్రం. దీనికి కాస్త లోపలగా బసల్ హైవే ఉంది, అది తొందరగా వెళ్ళాల్సినప్పుడు వాడుకోండి, చూడ్డానికి మాత్రం కేవ్స్ రోడ్డే.

ఇప్పుడు అసలు విషయం. వైనరీల లిస్ట్ రాసుకునే ముందు, హోటల్ బుక్ చేసే ముందు, ఏ రోజు ఎవరు డ్రైవ్ చేస్తారో కూర్చుని తేల్చుకోండి. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఫుల్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి రక్తంలో ఆల్కహాల్ లిమిట్ 0.05, ప్రొవిజనల్ లైసెన్స్ (కొత్త డ్రైవర్లకి ఇచ్చేది) వాళ్ళకి సున్నా. రోడ్డు మీద ఎక్కడైనా ఆపి బ్రీత్ టెస్ట్ చేసే హక్కు పోలీసులకి ఉంది, నేనేం తప్పు చేశానని ఆపారు లాంటి మాటలు అక్కడ కుదరవు. కొంచెం టేస్ట్ చేస్తే ఏమవుతుందిలే అనేవాళ్ళకోసం లెక్క చెప్తా చూడండి. ఒక టేస్టింగ్‌లో ఆరు రకాలు పోశారనుకోండి, ఒక్కోటి పాతిక ఎం.ఎల్., మొత్తం 150 ఎం.ఎల్. అయింది. ఆస్ట్రేలియా లెక్కలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్, మామూలు వైన్ 100 ఎం.ఎల్. తాగితే దాదాపు అంత లోపలికి పోతుంది. అంటే ఒక్క వైనరీకే ఒకటిన్నర డ్రింకులు, రెండు వైనరీలకి మూడు, మూడోదానికి వెళ్ళి చాకొలెట్ తిన్నాం కాబట్టి తగ్గిపోయింది అనుకుంటే అంతకన్నా అమాయకత్వం లేదు.

దారులు మూడున్నాయి. ఒకటి, గ్రూపులో తాగనివాళ్ళు ఉంటే వాళ్ళకి దండం పెట్టి స్టీరింగ్ ఇవ్వడం (అలాగని మూడు రోజులూ ఒకళ్ళనే వాడుకోకండి, వాళ్ళూ ట్రిప్‌కే వచ్చారు). రెండోది, వైన్ కోసం ఒక రోజు పూర్తిగా పక్కన పెట్టి ఆ రోజు మినీబస్ టూర్‌లోనో డ్రైవర్‌ని మాట్లాడుకునో వెళ్ళడం, కారు రూమ్ దగ్గరే. మూడోది ఉమ్మేయడం. అవును, నిజంగానే, ప్రతి కౌంటర్ మీదా దానికోసం ఒక గిన్నె ఉంటుంది, వాసన చూసి, నోట్లో తిప్పి, ఉమ్మేసి, గ్లాసులో మిగిలింది కూడా అందులోనే పారబోయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, వైన్ తయారుచేసేవాళ్ళు చేసేదే అది. కానీ మొదటిసారి వెళ్ళినవాళ్ళకి నలుగురిలో ఉమ్మడానికి మొహమాటం అడ్డొస్తుంది, తెలియకుండానే మింగేస్తారు, అందుకే డ్రైవ్ చేసే మనిషి ఈ మూడో పద్ధతిని నమ్ముకోవద్దని నా సలహా. నా ఓటు రెండోదానికి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే మీకేం కావాలో దాన్నిబట్టి. సీజన్లు మనకి ఉల్టా అని గుర్తుందిగా. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎండాకాలం, స్కూల్ సెలవులు, రూములు దొరకవు, దొరికినా రేట్లు చూసి కళ్ళు తిరుగుతాయి. మే నుంచి ఆగస్టు వానలు, చలి, కానీ జనం తక్కువ, వైనరీల్లో చలిమంట పక్కన కూర్చుని రెడ్ వైన్ తాగే మూడ్ ఉన్నవాళ్ళకి అదే బెస్ట్. జూన్ నుంచి ఆగస్టు దాకా దక్షిణం చివర అగస్టా దగ్గర తిమింగలాలు కనిపిస్తాయి, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మొదటి వారాల దాకా ఉత్తరాన డన్స్‌బరో వైపు. సెప్టెంబర్, అక్టోబర్‌లో అడవిపూలు కూడా ఉంటాయి. నన్నడిగితే మార్చి. ఎండ తగ్గుతుంది, సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది, పైగా ద్రాక్ష కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జరుగుతాయి కాబట్టి తోటలు నిండుగా కనిపిస్తాయి.

ఆ టైంలో వెళ్తే తోటల మీద తెల్లటి వలలు కప్పి ఉంటాయి, గమనించండి, దూరం నుంచి చూస్తే వరసలన్నిటికీ దోమతెరలు కట్టినట్టుంటుంది. సిల్వర్ ఐ అనే చిన్న పిట్టలు పండిన ద్రాక్షని పొడిచేస్తాయి, దానికోసం ఆ వలలు. చుట్టుపక్కల మర్రీ అనే చెట్లు (మన మర్రిచెట్టు కాదు, యూకలిప్టస్ జాతి) బాగా పూసిన ఏడాది పిట్టలు ఆ తేనె తాగుతూ ద్రాక్ష జోలికి పెద్దగా రావు, పూత లేని ఏడాది మాత్రం రైతుకి నిద్ర ఉండదు. 1967లో ఇక్కడ మొదటి కమర్షియల్ ద్రాక్షతోట వాస్ ఫీలిక్స్ పెట్టిన టామ్ కల్లిటీ అనే హార్ట్ డాక్టర్ పిట్టల్ని తరమడానికి ఒక డేగని తెచ్చి వదిలాడట, అది ఎగిరిపోయి మళ్ళీ రాలేదు, ఆ డేగ బొమ్మే ఇప్పుడు వాళ్ళ సీసా మీద ఉంటుంది. ఆ తొలి రోజుల్లో తోటలు పెట్టినవాళ్ళలో డాక్టర్లే ఎక్కువ, మాస్ వుడ్, కల్లెన్ కూడా డాక్టర్లు మొదలుపెట్టినవే. జాన్ గ్లాడ్‌స్టోన్స్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఇక్కడి వాతావరణం ఫ్రాన్స్‌లోని బోర్డో లాగా ఉందని 1965లో రాసిన పేపర్ చదివి దిగారు వీళ్ళంతా. అందుకే ఇక్కడ కాబర్నే సావిన్యాన్ అనే రెడ్ వైన్ టేస్ట్ చేయకుండా రావద్దు, వైట్‌లో అయితే షార్డనే, లేదంటే సెమియాన్, సావిన్యాన్ బ్లాంక్ కలిపి చేసేది, తేలిగ్గా ఉంటుంది, వైన్ అలవాటు లేనివాళ్ళు దాంతో మొదలుపెట్టొచ్చు.

వైనరీలు ఎన్ని? రోజుకి రెండు, గట్టిగా అంటే మూడు. ఐదు పెట్టుకున్నవాళ్ళకి మూడోదాని తర్వాత ఏం తాగారో గుర్తుండదు. ఏరియాలవారీగా పెట్టుకోండి, ఉత్తరం ఒక రోజు దక్షిణం ఒక రోజు. విల్యాబ్రప్ దగ్గర వాస్ ఫీలిక్స్, కల్లెన్ కేవ్స్ రోడ్డు మీదే దగ్గరదగ్గరగా ఉన్నాయి, టౌన్‌కి దక్షిణంగా స్టీవెన్స్ రోడ్ మీద ల్యూవిన్ ఎస్టేట్, వాయేజర్ ఎస్టేట్ పక్కపక్కనే. వాయేజర్‌లో గులాబీ తోట, తెల్లటి కేప్ డచ్ (దక్షిణాఫ్రికా పాత డచ్ శైలి) బిల్డింగులు ఉంటాయి, వైన్ తాగనివాళ్ళకి కూడా కాలక్షేపం. ఒక పెద్దదీ ఒక చిన్నదీ కలిపి చూడండి, పెద్దవాటిలో హంగు ఉంటుంది, చిన్నవాటిలో ఒక్కోసారి ఓనరే వచ్చి పోస్తారు, కబుర్లు అక్కడే బాగుంటాయి. టేస్ట్ చేసే చోటుని సెల్లార్ డోర్ అంటారు, పొద్దున పది పదకొండుకి తెరిచి సాయంత్రం నాలుగైదుకల్లా మూసేస్తారు, మన టైంకి లేచి టిఫిన్ చేసి బయల్దేరితే ఒక్కటే దొరుకుతుంది. చాలాచోట్ల టేస్టింగ్‌కి డబ్బులు తీసుకుంటారు, సీసా కొంటే కొన్నిచోట్ల ఆ ఫీజు తగ్గిస్తారు. లంచ్ అక్కడే చేయాలనుకుంటే ముందే బుక్ చేసుకోండి, శాకాహారులు ఉంటే బుకింగ్ అప్పుడే చెప్పండి, వెళ్ళాక చెప్తే సలాడ్‌తో సరిపెడతారు.

బీచ్‌ల విషయంలో చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. ఎండాకాలం మధ్యాహ్నం అయ్యేసరికి నైరుతి నుంచి గాలి మొదలవుతుంది, పడమర వైపు తీరం మొత్తం ఇసుక మొహాన కొడుతుంది. కాబట్టి బీచ్ పొద్దున్నే, వైన్ మధ్యాహ్నం. పిల్లలున్నవాళ్ళు మీలప్, బంకర్ బే వైపు పొండి, అవి ఉత్తరానికి తిరిగి ఉంటాయి కాబట్టి ఆ గాలి తగలదు, నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయి. యాలింగప్, ప్రెవెల్లీ వైపు పెద్ద అలలు, సర్ఫింగ్ చేసేవాళ్ళని చూస్తూ కూర్చోడానికి బాగుంటాయి, ఈత సరిగ్గా రానివాళ్ళు ఓపెన్ సముద్రంలోకి దిగొద్దు. కెనాల్ రాక్స్, షుగర్‌లోఫ్ రాక్ లాంటి చోట్ల తడిగా ఉన్న రాళ్ళమీదకి సెల్ఫీకోసం వెళ్ళకండి, తడిగా ఉందంటేనే అల అక్కడిదాకా వస్తోందని అర్థం. సున్నపురాయి కొండచరియల కింద నీడగా ఉంది కదా అని చాప వేయకండి, 1996లో గ్రేస్‌టౌన్ బీచ్‌లో చరియ విరిగిపడి 9 మంది చనిపోయారు. హామెలిన్ బేలో పెద్ద పెద్ద స్టింగ్ రేలు (తోకకి ముల్లుండే బల్లపరుపు చేపలు) మోకాలి లోతు నీళ్ళల్లోకే వచ్చి తిరుగుతాయి, చూడండి, ముట్టుకోకండి, తిండి పెట్టకండి.

గుహల్లో ఒక్కటి చాలు అన్నీ అక్కర్లేదు. లేక్ కేవ్ దిగి ఎక్కడానికి మెట్లు మూడొందల పైనే, కానీ లోపల నీళ్ళమీద గాల్లో వేలాడే సున్నపురాయి బల్ల లాంటిది చూశాక ఆయాసం మర్చిపోతారు. పెద్దవాళ్ళు ఉంటే ముందే ఆలోచించుకోండి. అక్కణ్ణుంచి దక్షిణంగా వెళ్తే బొరానప్ అడవి వస్తుంది, కారీ చెట్లు, తెల్లటి నున్నటి మానులు దాదాపు 60 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటాయి, కారు ఆపి ఇంజన్ కట్టేసి కాసేపు ఉండండి. దారి చివర కేప్ ల్యూవిన్ లైట్‌హౌస్, 1895 నాటిది, హిందూ మహాసముద్రం దక్షిణ మహాసముద్రం కలిసే చోటు అని చెప్తారు, గాలికి టోపీ ఆగదు.

డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, టోల్ గేట్లు అసలు లేవు, రోడ్లు బంగారం. పెర్త్ నుంచి ఫారెస్ట్ హైవే, బన్‌బరీ, బసల్టన్ మీదుగా వెళ్ళాలి, బసల్టన్‌లో 1,841 మీటర్ల చెక్క జెట్టీ ఉంది, దానిమీద చిన్న రైలు కూడా తిరుగుతుంది, కాళ్ళు చాపుకోడానికి అక్కడ ఆగొచ్చు. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్‌తో టూరిస్టులు నడపొచ్చు, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా పెట్టుకుంటే రెంటల్ వాళ్ళతో వాదన ఉండదు. పెట్రోల్ కోసం ఫ్యూయల్‌వాచ్ అనే ప్రభుత్వ సైట్ చూడండి, అక్కడ బంకులు పొద్దున 6కి పెట్టిన రేటుని 24 గంటలు మార్చకూడదు, రేపటి రేటు ముందురోజు మధ్యాహ్నమే తెలిసిపోతుంది, ఈరోజు కొట్టించాలా రేపు కొట్టించాలా అని మనవాళ్ళకి నచ్చే లెక్క అది.

చీకటి పడ్డాక మాత్రం తిరగొద్దు. సూర్యాస్తమయం, తెల్లవారుజాము టైంలో కంగారూలు రోడ్డు మీదకి గెంతుతాయి, పొద్దున్నే వెళ్తే పక్కన చచ్చిపడినవి కనిపిస్తాయి. అడ్డం వస్తే బ్రేక్ వేయండి, స్టీరింగ్ పక్కకి తిప్పకండి, చెట్టుకి గుద్దుకోవడం కంగారూకన్నా ఘోరం. రెంటల్ కాగితాల్లో రాత్రి ఊరి బయట జంతువుని గుద్దితే, మట్టి రోడ్డు మీద ఏమైనా అయితే ఇన్సూరెన్స్ వర్తించదని కొన్ని కంపెనీలు చిన్న అక్షరాల్లో రాస్తాయి, సంతకం పెట్టేముందు చదవండి. అందుకే సన్‌సెట్ చూడాలంటే రూమ్‌కి పది నిమిషాల దూరంలో ఉన్న బీచ్‌లో చూడండి. అడవి దగ్గర సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎండాకాలం అయితే పొద్దున్నే ఎమర్జెన్సీ డబ్ల్యూఏ యాప్‌లో కార్చిచ్చు హెచ్చరికలు ఉన్నాయేమో చూసి కదలండి.

ఉండటానికి వంటగది ఉన్న రూమ్ తీసుకోండి, రాత్రి ఎనిమిది దాటితే కిచెన్ మూసేసే రెస్టారెంట్లే ఎక్కువ. శనివారం పొద్దున మార్గరెట్ రివర్ టౌన్‌లో రైతుల మార్కెట్ ఉంటుంది, కూరగాయలు, రొట్టె, చీజ్ అక్కడ తెచ్చుకుంటే రెండు పూటలు గడిచిపోతాయి. ఇండియా నుంచి పచ్చడి పట్టుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లో డిక్లేర్ చేయండి, చెప్పి తీసేసుకుంటే పచ్చడే పోతుంది, చెప్పకపోతే జరిమానా కూడా.

సీసాలు కొన్నాక కారు డిక్కీలో ఎండలో వదిలేయకండి, మధ్యాహ్నం వేడికి వైన్ ఉడికిపోతుంది, కూల్ బాక్స్‌లో పెట్టి రూమ్‌కి చేర్చండి. ఇండియాకి మనిషికి 2 లీటర్ల దాకా డ్యూటీ లేకుండా తేవచ్చు, అంటే రెండు సీసాలు, ఇంకో అరసీసాకి చోటు. ఒకే షాపులో 300 డాలర్లకి తగ్గకుండా కొంటే, 60 రోజుల్లోపు దేశం దాటితే ఎయిర్‌పోర్ట్‌లో టూరిస్ట్ రిఫండ్ స్కీమ్ కింద జీఎస్టీతోపాటు వైన్ ట్యాక్స్ కూడా వెనక్కి వస్తుంది, బిల్లు పారేయకండి. అయితే సీసాలు చెక్ ఇన్ లగేజీలోనే వెళ్ళాలి కాబట్టి బ్యాగ్ ఇచ్చేయకముందే బోర్డర్ ఫోర్స్ కౌంటర్‌లో చూపించి స్టాంప్ వేయించుకోవాలి, దానికి ఓ అరగంట ముందే బయల్దేరండి.