ఎగ్జిబిషన్ ఫిరంగి నమూనాకు నిప్పు బెజ్జం ఎంత పెట్టాలి?

స్కూల్ ఎగ్జిబిషన్‌కో, ఇంట్లో షోకేస్‌కో ఫిరంగి నమూనా చేసేవాళ్లు మన కర్నూలు, కడప, అనంతపురం వైపు చాలామందే ఉన్నారు. గొట్టం బాగా తిప్పిస్తారు, చక్రాలు బాగా కుదురుస్తారు, తీరా వెనక నిప్పు పెట్టే బెజ్జం దగ్గరికొచ్చేసరికి చేతికందిన 3 మి.మీ. బిట్టు పెట్టి తొలిచేస్తారు. అంతే, అంతసేపు పడ్డ కష్టమంతా ఆ ఒక్క బెజ్జంతో పాడవుతుంది. అడుగు పొడవున్న నమూనా మీద 3 మి.మీ. అంటే పదడుగుల అసలు ఫిరంగి మీద 3 సెం.మీ. అన్నమాట. బొటనవేలు దూరేంత బొక్కతో ఏ ఫిరంగీ సరిగా పేలదు.

ముందే ఒక మాట. ఇది చూడ్డానికి పెట్టుకునే నమూనా గురించే. లైసెన్సు లేకుండా పేలే ఫిరంగి చేయడం మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం, తుపాకిమందు సంగతి చూసే పేలుడు పదార్థాల చట్టం 1884 నుంచీ ఉంది. దీపావళి టపాకాయల మందు పోసి చూద్దామని పిల్లలు అంటారు, ఖచ్చితంగా అంటారు, అందుకే ఆ అవకాశమే లేకుండా నమూనా ఎలా చేయాలో కూడా చెప్తాను.

అసలు ఫిరంగిలో కొలత ఎక్కడి నుంచి వచ్చింది

ఫిరంగి పెద్దదైతే బెజ్జం కూడా పెద్దదవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్, అమెరికా సైన్యాల ఫిరంగుల్లో మామూలుగా ఉండే బెజ్జం ఒక అంగుళంలో ఐదో వంతు, అంటే సుమారు 5 మి.మీ. ఆరు పౌన్ల గుండు వేసే ఫిరంగికి బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 93 మి.మీ., ఇరవై నాలుగు పౌన్ల దానికి 148 మి.మీ., అయినా బెజ్జంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకంటే ఆ బెజ్జం పని లోపలున్న మందుకు నిప్పు అందించడం ఒక్కటే. నిప్పు తీసుకెళ్లే సన్నని గొట్టం అందులో దూరితే చాలు.

అంతకంటే వెడల్పు పెడితే నష్టమే. మందు అంటుకోగానే పుట్టే గ్యాస్ గుండును తోయాల్సింది పోయి పైనుంచి బయటికి తన్నుకొస్తుంది. పైగా బెజ్జం వ్యాసం రెండింతలైతే గ్యాస్ పోయే దారి నాలుగింతలవుతుంది. ఆ వేడి గ్యాస్ పేల్చిన ప్రతిసారీ బెజ్జం అంచుల్ని కొంచెం కొంచెం తినేస్తుంది కూడా. కంచు ఫిరంగుల్లో ఈ బాధ ఎక్కువ, అందుకే అరిగిపోయిన బెజ్జాన్ని పెద్దగా తొలిచి అందులో రాగి కడ్డీ బిగించి, దానికి మళ్లీ సన్నని బెజ్జం వేసేవాళ్లు. మరీ సన్నగా పెడితే ఇంకో తంటా, మసి పట్టి పూడుకుపోతుంది.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. గొట్టం తుడిచి మందు కూరేటప్పుడు ఒక మనిషి తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో ఆ బెజ్జాన్ని గట్టిగా మూసి ఉంచేవాడు. అక్కడినుంచి గాలి ఆడితే లోపల మిగిలిన నిప్పురవ్వ రాజుకుని, కూరుతున్నవాడి ప్రాణం మీదికి వచ్చేది. వేలి కొనతో పూర్తిగా మూతపడేంత బెజ్జం అని మనసులో పెట్టుకుంటే మీ నమూనా కొలత పెద్దగా తప్పదు.

ఏ ఫిరంగిని చేస్తున్నారో ముందు తేల్చుకోండి

మన దగ్గర ఫిరంగుల కథలకు కొదవ లేదు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే గండికోటకు వచ్చినప్పుడు, అక్కడ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోసం ఇంకో ఫ్రెంచివాడు ఫిరంగులు పోత పోయడానికి తంటాలు పడ్డాడని రాశాడు. గుళ్లలోని రాగి విగ్రహాలు తెచ్చి కరిగించారట, చివరికి ఒక్క ఫిరంగి కూడా పూర్తికాలేదట. కర్నూలులో అయితే 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా కూడబెట్టిన ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాకే ఇంగ్లీషువాళ్లు కర్నూలును కలిపేసుకున్నారు. మీ నమూనా కింద ఇలాంటి కథ ఒకటి రాసిపెడితే చూసేవాళ్లు ఆగి చదువుతారు.

కానీ బెజ్జంలో చేత్తో రంజకం (నిప్పంటించే మందు) పోసి అంటించిన పాత దేశీ ఫిరంగులకు ఒకే కొలత అంటూ లేదు. కాబట్టి మ్యూజియంలోనో కోటలోనో దొరికిన ఫిరంగినే కొలవాలి. పుల్లలు, మేకులు లోపల పొడవకండి, రక్షిత కట్టడాల్లో అది తప్పు కూడా. బెజ్జం పక్కన ఒక స్టీలు స్కేలు పెట్టి, ఫోన్‌ను సరిగ్గా నెత్తిమీద ఉంచి ఫొటో తీసుకోండి. పక్కనుంచి తీస్తే గుండ్రం కాస్తా కోలగా పడి కొలత మారిపోతుంది. బెజ్జంలో ఇనుప మేకు కొట్టేసి ఉంటే ఆశ్చర్యపోకండి, శత్రువుకు పనికిరాకుండా అలా చేసి వెళ్లేవాళ్లు. పెయింటు పొరలు, సిమెంటు కూడా ఉంటాయి, వాటి కింద అసలు అంచు ఎక్కడుందో చూసుకోండి.

లెక్క

మీ నమూనా అసలు ఫిరంగిలో ఎన్నో వంతో ఆ అంకెతో అసలు కొలతను భాగించడమే. 5 మి.మీ. బెజ్జం నాలుగో వంతు నమూనాలో 1.3 మి.మీ. అవుతుంది, ఆరో వంతులో 0.8, పదో వంతులో 0.5. పదో వంతు నమూనాకు నా సలహా మాత్రం 0.8. సగం మి.మీ. బెజ్జం పాలిష్ చేసేసరికి పూడిపోతుంది, రెండడుగుల దూరం నుంచి కనిపించదు. 0.8 అంటే అసలు మీద 8 మి.మీ., బాగా వాడి అరిగిపోయిన ఫిరంగి అనుకుంటే సరిపోతుంది. 1 మి.మీ. దాటితే మాత్రం కంటికి కొడుతుంది.

తొలిచే పద్ధతి

లేత్ షాపులో ఇత్తడి రాడ్ తిప్పించేటప్పుడే చెప్పండి, బోరు మొత్తం వద్దు, మూతి నుంచి 5 సెం.మీ. లోతు చాలు అని. చూసేవాళ్లకు లోపల చీకటే కనిపిస్తుంది. వెనక బెజ్జం కూడా 3 మి.మీ. లోతులో ఆపేయండి. రెండూ ఎక్కడా కలవవు కాబట్టి ఆ ఫిరంగిలో ఎవరు ఏం పోసినా పేలడానికి దారి ఉండదు.

చోటు కోసం, వెనక ఉండే పెద్ద కట్టుకు కాస్త ముందు, సరిగ్గా నడినెత్తిన గుర్తు పెట్టాలి. నడినెత్తి ఎక్కడో కంటి అంచనాతో తేల్చొద్దు. రెండు పక్కలా పొడుచుకొచ్చే మొలల కింద ఒకే ఎత్తు చెక్కలు పెట్టి గొట్టాన్ని కదలకుండా బిగించండి, అప్పుడు పైన వచ్చే గీతే మీ గీత. గుండ్రటి ఇత్తడి మీద సన్న బిట్టు జారుతుంది కాబట్టి సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టాకే మొదలుపెట్టండి. 0.8 బిట్టు హార్డ్‌వేర్ షాపులో దొరక్కపోతే ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే చోట సర్క్యూట్ బోర్డులకు వాడే బిట్లు అడగండి. వాటిని చేతి డ్రిల్లుకు పెడితే పుటుక్కున విరుగుతాయి, స్టాండు డ్రిల్లే కావాలి. స్పీడు ఎక్కువ, ఒత్తిడి తక్కువ, ప్రతి అర మి.మీ.కి బిట్టు పైకెత్తి పొట్టు ఊదేయాలి. కళ్లద్దాలు తప్పనిసరి. అదే ఇత్తడి ముక్క మీద ముందు ఒకసారి వేసి చూసుకుంటే టెన్షన్ ఉండదు.

చెక్క ఫిరంగి అయితే బెజ్జం అంచులు చిట్లిపోతాయి, రంగు లోపలికి కారి మూసుకుపోతుంది. దీనికి చక్కటి ఉపాయం ఉంది. మెడికల్ షాపులో కొత్త 18 గేజ్ ఇంజెక్షన్ సూది తెచ్చి, పెద్దవాళ్లు ఎవరైనా మొన కోసేసి నున్నగా రాచి, 3 మి.మీ. ముక్క తీసుకోండి. బయటి వెడల్పు 1.27 మి.మీ., లోపల 0.84. చెక్కకు 1.3 బిట్టుతో తొలిచి, ఒక చుక్క జిగురుతో ఈ ముక్కను దిగేస్తే సరిగ్గా మనకు కావాల్సిన బెజ్జం వస్తుంది, పాత ఫిరంగులకు రాగి కడ్డీ బిగించినట్టే. రంగులన్నీ పూర్తయ్యాకే దించండి.

చివర్లో బెజ్జం చుట్టూ, ముఖ్యంగా పైభాగాన, పెన్సిల్ పొడిని వేలితో పలచగా అద్ది గుడ్డతో తుడవండి. మసి అంచుల్లో మాత్రం మిగలాలి, గొట్టమంతా నల్లబడితే సబ్బునీళ్లతో కడిగేసి మళ్లీ అద్దండి.