చివరి సీజన్ మ్యూల్ డీర్ వేట: కొండెక్కే ముందు

అమెరికాలోని కొలరాడోలో, మ్యూల్ డీర్ అనే జింకల కోసం నవంబరులో వచ్చే నాలుగో రైఫిల్ సీజన్‌కు (రైఫిల్‌తో వేటాడే నాలుగో విడతకు) వెళ్లేవారికి.

- లైసెన్సు మీది యూనిట్ (వేట ప్రాంతం) నంబరు, తేదీలు మరోసారి చదవండి.
- మంచు పేరుకుంటే జింకలు దిగువనున్న సేజ్‌బ్రష్ పొదల వాలుల్లోకి వస్తాయి. పోతు (మగజింక) కోసం తిరగకండి, ఆడజింకల మందను కనిపెట్టండి. ఇది జతకట్టే కాలం, పోతు అక్కడికే వస్తుంది. తెల్లవారకముందే ఎదుటి గుట్టపై కూర్చుని, ట్రైపాడ్‌కు బిగించిన బైనాక్యులర్‌తో వాలంతా ఓపికగా గాలించండి. పొదలో ఒక్క చెవి కదిలితే చాలు. కంచరగాడిద (మ్యూల్) చెవుల్లాంటివి మరి, పేరొచ్చిందే వాటివల్ల!
- నడుముకు పైన, టోపీతో కలిపి, కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరోసెంట్ నారింజ లేదా గులాబీ రంగు దుస్తులు ఉండాలి.
- ప్రైవేటు భూముల హద్దులున్న మ్యాపును ఫోనులో ముందే దించుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఫోనును లోపలి జేబులో పెట్టుకోండి.
- ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి.