కత్తెర ఎండలు ముదరకముందే మీ లైపో బాక్స్ ఒకసారి దించండి

మా అక్క కొడుకు నెల్లూరు నుంచి ఫోన్ చేశాడు, పరీక్షలైపోయాయంట, "మావయ్యా, వచ్చే వారం మద్రాస్ వస్తున్నా, ప్లేన్ రెడీగా పెట్టు" అని ఆర్డర్ వేసి పెట్టేశాడు. సరే అని అటక మీంచి మా రిమోట్ కంట్రోల్ ప్లేన్ బ్యాటరీల బాక్స్ (లైపోలు, అంటే లిథియం పాలిమర్ ప్యాక్‌లు) దించి మూత తీశానో లేదో ఒక తియ్యటి వాసన, నెయిల్ పాలిష్ సీసా మూత తీస్తే వస్తుందే అలాంటిది. ఐదు ప్యాక్‌ల్లో ఒకటి చిన్న దిండులా ఉబ్బిపోయి ఉంది. తప్పు నాదే. డిసెంబర్‌లో ఒక ఆదివారం ఫుల్ ఛార్జ్ చేసుకుని ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) దాకా వెళ్ళాక వాన పట్టుకుంది, ఎగరెయ్యకుండా తిరిగొచ్చి, ఆ ఛార్జ్‌తోనే అటక ఎక్కించేశా. నాలుగు నెలలు 4.2 వోల్ట్‌ల మీద కూర్చుంటే ఏ లైపో అయినా ఉబ్బొచ్చు.

అందుకే ఇది రాస్తున్నా. మే 4న అగ్ని నక్షత్రం, అదే కత్తెర, మొదలవుతుంది, చెన్నైలో ఎండ 40 దాటే రోజులు అప్పుడే, పిల్లలకి సెలవులూ అప్పుడే, అందరం బాక్సులు దించేదీ అప్పుడే. ప్లేన్ కూలిపోతుందేమో అని అందరికీ భయం గానీ నన్నడిగితే అసలు రిస్క్ ఆకాశంలో కాదు, ఇంట్లో ఛార్జర్ పెట్టే మూలలో ఉంది. కాబట్టి ఎగరెయ్యడానికి వారం ముందే ఒక సాయంత్రం ఈ పని మీద కూర్చోండి.

ముందు ప్యాక్‌లు చూడండి. ఒక్కో సెల్ ఎంత ఉందో విడిగా కొలవాలి, మొత్తం వోల్టేజ్ చూసి సరిపెట్టుకోకండి. 3ఎస్ ప్యాక్ (వరసగా కలిపిన మూడు సెల్స్‌ది) 11.4 వోల్ట్‌లు చూపిస్తే బాగానే ఉందనిపిస్తుంది, లోపల రెండు సెల్స్ 4.1 ఉండి మూడోది 3.2కి పడిపోయి ఉండొచ్చు, మొత్తం అదే 11.4. ప్యాక్‌కి విడిగా ఉండే చిన్న బ్యాలెన్స్ ప్లగ్‌లో 3ఎస్‌కి నాలుగు వైర్లుంటాయి కదా, మల్టీమీటర్‌తో పక్కపక్క పిన్నుల మధ్య కొలుచుకుంటూ పోతే మూడు సెల్స్ వచ్చేస్తాయి, కొనలు జారి రెండు పిన్నులు కలవకుండా చూస్కోండి చాలు. అది కష్టమనుకుంటే చిన్న సెల్ చెకర్ ఒకటి కొనుక్కోండి. సెల్స్ మధ్య తేడా 0.1 దాటితే ఆ ప్యాక్ మీద ఒక కన్నేసి ఉంచండి, ఏ సెల్ అయినా 3.0 కింద ఉంటే దాని మీద ఆశ వదిలేయండి. గ్రౌండ్‌లో ఎవడో ఒకడు ఉంటాడు, "నైమ్హ్ మోడ్‌లో పెట్టి కొంచెం ఎక్కించు బ్రో, లేస్తుంది" అని సలహా ఇచ్చేవాడు (నైమ్హ్ అంటే నికెల్ బ్యాటరీల మోడ్). నిజమే, లేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు ఏం చేస్తుందో మాత్రం వాడూ చెప్పలేడు. చచ్చిన సెల్‌ని లేపడం కంటే కొత్త ప్యాక్ కొనడమే చవక.

దాచిపెట్టేటప్పుడు సెల్‌కి 3.8 నుంచి 3.85 మధ్య ఉండాలి, మీ ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ ఉన్నది అందుకే. రెండు మూడు రోజుల్లో ఎగరెయ్యం అని తెలిస్తే అదే రాత్రి స్టోరేజ్‌కి దించేయండి. ఎక్కడ పెట్టాలంటే, నేను మొదట పింగాణీ జాడీ అడిగా, ఆవకాయ పెట్టే రోజుల్లో జాడీ అడుగుతారా అని మా ఆవిడ చూసిన చూపుకి మట్టికుండతో సరిపెట్టుకున్నా. అడుగున బాగా ఎండిన ఇసుక, పైన పెంకు మూత, మూత వదులుగానే ఉండాలి, పొగ వస్తే బయటకి దారి ఉండాలి కదా. గాలి కూడా దూరకుండా బిగించిన డబ్బా అంటే మీ చేత్తో మీరే బాంబు చుట్టుకున్నట్టు.

ఇక బండి డిక్కీ గురించి. రెండేళ్ళ కింద మే నెలలో రెండు ప్యాక్‌లు స్కూటర్ డిక్కీలో పెట్టి టీ.నగర్‌లో మధ్యాహ్నం ఒక గంట పని చూస్కుని వచ్చా. నల్ల సీటు, కింద ఇంజన్ వేడి. తీసి చూస్తే రెండూ ముట్టుకోలేనంత కాలిపోతున్నాయి, ఒకటి ఆ రోజే మెత్తబడింది. కారు అద్దాలు మూసి ఎండలో వదిలినా ఇంతే, బయట 40 అంటే లోపల 60 దాకా పోతుంది. ప్యాక్‌లు మీ భుజం మీద బ్యాగ్‌లో ఉండాలి, లేదా నీడలో థర్మాకోల్ పెట్టెలో. ఐస్ వెయ్యకండి, చెమ్మ చేరుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఛార్జింగ్ సెటప్. మనలో చాలామంది దగ్గర ఉన్నది ఐమ్యాక్స్ బీ6 ఛార్జర్ లేదా దాన్ని చూసి చేసినది ఏదో ఒకటి, దానికి 11 నుంచి 18 వోల్ట్‌ల డీసీ ఇవ్వాలి, లోపలికి వచ్చే కరెంట్ సంగతి ఎవడూ లెక్కెయ్యడు, రిచీ స్ట్రీట్ (చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు) వెళ్ళి చేతికి దొరికిన 12 వోల్ట్ అడాప్టర్ పట్టుకొచ్చేస్తారు. లెక్క ఇదీ. బీ6 మహా అయితే 50 వాట్లు బ్యాటరీకి ఎక్కిస్తుంది, మధ్యలో పోయేది కలుపుకుంటే 60 వాట్ల పైనే తీసుకుంటుంది. 12 వోల్ట్ 5 ఆంప్ అడాప్టర్ అంటే సరిగ్గా 60 వాట్లు, అదీ డబ్బా మీద రాసిన లెక్క, మే నెల గదిలో కాదు. అది వేడెక్కి వోల్టేజ్ దించేస్తుంది, ఛార్జర్ మధ్యలో ఆగిపోతుంది, మనం ఛార్జర్‌ని తిట్టుకుంటాం. 12 వోల్ట్ 10 ఆంప్ ఎస్ఎంపీఎస్ పవర్ సప్లై తీసుకోండి, సీసీటీవీ వాళ్ళు వాడే చిల్లుల రేకు డబ్బా, అది సగం లోడ్‌లో చల్లగా నడుస్తుంది.

కానీ ఆ రేకు డబ్బాకి ఒక చివర స్క్రూలు వరసగా ఉంటాయి చూడండి, అందులో రెండిటి మీద 230 వోల్ట్‌లు బట్టలిప్పుకుని నిలబడి ఉంటాయి. పైన ఉండే ప్లాస్టిక్ మూత విరిగిపోయిందనో వైర్ పట్టలేదనో తీసి పారేస్తారు. అలా వదలకండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే. నేను ఒక ప్లాస్టిక్ జంక్షన్ బాక్స్‌లో మొత్తం బిగించి గాలికి చిల్లులు పెట్టా. ఎర్త్ స్క్రూకి మూడో వైర్ తప్పకుండా కలపండి, రెండు పిన్నుల ప్లగ్‌తో నడిపితే డబ్బా ముట్టుకున్నప్పుడల్లా జిల్లుమంటుంది, అది అలవాటు చేసుకునే విషయం కాదు.

గ్రౌండ్‌లో ఛార్జ్ చెయ్యడానికి 12 వోల్ట్ 7 ఏహెచ్ (ఆంప్ అవర్) యూపీఎస్ బ్యాటరీ పట్టుకెళ్తారు కొందరు. 84 వాట్ అవర్స్ అని లెక్క, కానీ లెడ్ బ్యాటరీని సగం కంటే కిందకి పీలిస్తే దాని ఆయుష్షు పోతుంది, కాబట్టి చేతికొచ్చేది 40 చిల్లర. 3ఎస్ 2200 ఎంఏహెచ్ ప్యాక్ ఒకటి నింపడానికి పోయేదాంతో కలిపి పాతిక దాకా పడుతుంది. అంటే ఒకటిన్నర ప్యాక్. దాని కోసం రెండు కేజీల పైన బరువు మొయ్యడం కంటే ఇంకో ప్యాక్ కొనుక్కోవడం నయం అని నా లెక్క.

ఎక్కడ పెట్టి ఛార్జ్ చెయ్యాలి? టైల్ నేల మీద, కర్టెన్‌కీ సోఫాకీ దూరంగా, గ్యాస్ సిలిండర్ ఉన్న వంటింట్లో అసలొద్దు. స్విచ్ ఛార్జర్‌కి దూరంగా ఉండాలి, మంట లేస్తే మీరు ప్యాక్ మీంచి చెయ్యి చాపి స్విచ్ ఆపే పరిస్థితి రాకూడదు. పక్కన బకెట్‌తో పొడి ఇసుక. ఏదైనా అయితే స్విచ్ ఆపి, ఇసుక గుమ్మరించి, అందర్నీ బయటకి పంపండి, ఆ పొగ పీల్చకూడదు. బాల్కనీలో అయితే సాయంత్రం పొద్దుగూకాక పెట్టండి, మధ్యాహ్నం కాదు, 45 డిగ్రీలు దాటిన సెల్‌కి ఛార్జ్ ఎక్కించకూడదు, ఎండ పడే బాల్కనీ గచ్చు ఆ హద్దు ఎప్పుడో దాటేస్తుంది. నేను పొద్దున్న ఐదున్నరకి పెడతా, ఎలాగూ కాఫీ పెట్టుకుని అక్కడే కూర్చుంటా. ఛార్జ్ పెట్టి స్నానానికి పోవడం, పడుకోవడం, కిందకెళ్ళి పాల ప్యాకెట్ తేవడం, ఇవేవీ వద్దు.

స్టార్ట్ నొక్కేముందు మూడు చూడాలి, మోడ్, సెల్స్ ఎన్ని, ఎన్ని ఆంప్స్. 2200 ప్యాక్‌కి 1సి (గంటలో నిండే వేగం) అంటే 2.2 ఆంప్స్, ఎండాకాలం అంతకంటే తొందర పడకండి. లైపో సెల్ 4.2 దగ్గర ఆగాలి, లైఫీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) 3.6 దగ్గర, హెచ్‌వీ (హై వోల్టేజ్) అని రాసినవి 4.35 దాకా. ప్లేన్‌లో సిగ్నల్ అందుకునే రిసీవర్ కోసం లైఫీ వాడేవాళ్ళు పొరపాటున లైపో మోడ్‌లో పెట్టారంటే అంతే సంగతులు. ఇంకోటి, కరెంట్ పోయి వచ్చాక ఛార్జర్ మొదటి స్క్రీన్‌కి వచ్చేస్తుంది, గబుక్కున స్టార్ట్ నొక్కకుండా ఈ మూడూ మళ్ళీ చూడండి. అలాగే ఛార్జర్ చెప్పిందల్లా నమ్మకండి, నా పాతది 4.20 అని చూపించేటప్పుడు మీటర్‌లో 4.26 ఉండేది. మంచి మీటర్‌తో ఒకసారి సరిచూస్కోండి.

ప్లేన్ లోపలి వైరింగ్‌కి వద్దాం. కొత్తవాళ్ళు ప్యాక్ సైజ్ గురించే ఆలోచిస్తారు, రిసీవర్‌కీ, రెక్కల్నీ తోకనీ తిప్పే చిన్న మోటర్లు అంటే సర్వోలకీ కరెంట్ ఎక్కణ్ణుంచి వస్తుందో అడిగితే తెల్లమొహం వేస్తారు. చవక ఈఎస్సీల్లో (మోటర్ స్పీడ్ కంట్రోలర్లు) రిసీవర్‌కి వోల్టేజ్ దించి ఇచ్చే భాగాన్ని బెక్ అంటారు, అందులో ఉండేది లీనియర్ బెక్, 12.6ని 5కి దించి మిగతా 7.6 వోల్ట్‌లని ఊరికే వేడి చేసేస్తుంది. సర్వోలు ఒక ఆంప్ తీసుకుంటే 7.6 వాట్ల వేడి, గాలి ఆడని థర్మాకోల్ పొట్టలో, పైన చెన్నై ఎండ. నాలుగు సర్వోలతో నా పాత ట్రైనర్ (నేర్చుకునే ప్లేన్) అలాగే పోయింది. రెండో టర్న్‌లో స్టిక్ కదిపితే ఏమీ కదల్లేదు, ఒక సెకను తర్వాత అన్నీ తిరిగొచ్చాయి, అప్పటికి నేల కూడా వచ్చేసింది. వేడికి బెక్ ఆగిపోయి మళ్ళీ లేచిందన్నమాట. 3ఎస్‌లో నాలుగు సర్వోలు ఉంటే, లేదా 4ఎస్ అయితే, విడిగా స్విచింగ్ బెక్ పెట్టండి, ఈఎస్సీ నుంచి రిసీవర్‌కి వెళ్ళే ప్లగ్‌లో మధ్యలోని ఎర్ర పిన్ను లాగేసి టేప్ చుట్టండి, రెండు బెక్‌లు ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా. మామూలు సర్వోలకి 6 వోల్ట్‌లు హద్దు, 2ఎస్ లైపో నేరుగా ఇస్తే 8.4 వెళ్తుంది, పొగే.

కనెక్టర్లు మార్చేవాళ్ళు ప్యాక్ వైపు రెండు వైర్లూ ఒకేసారి కత్తిరించకండి, కట్టర్ రెండిటినీ కలిపిందంటే అక్కడే వెల్డింగ్. ఒకటి కోసి, టంకం పెట్టి, హీట్ ష్రింక్ గొట్టం వేసి, అప్పుడు రెండోది. ఎక్స్‌టీ60 కనెక్టర్‌కి టంకం పెట్టేటప్పుడు దాని జత ముక్కని గుచ్చి ఉంచండి, ప్లాస్టిక్ కరిగినా పిన్నులు వంకర పోవు. ఫ్యాన్ ఆపాలి, లేకపోతే టంకం సరిగ్గా పారదు, చెమటకి టవల్ దగ్గర పెట్టుకోండి. ప్లాస్టిక్ మీద ప్లస్, మైనస్ అని పోత పోసి ఉంటుంది, రెండుసార్లు చదవండి, తిరగేసి కలిపితే ఈఎస్సీకి రెండో ఛాన్స్ ఉండదు. వైర్ చాలకపోతే మోటర్ వైపు పొడిగించండి, బ్యాటరీ వైపు పొడిగిస్తే ఈఎస్సీ కెపాసిటర్లు దెబ్బతింటాయి.

గ్రౌండ్‌లో మోసం ఏంటంటే వేడి బ్యాటరీ పంచ్ బాగుంటుంది, లోపలి రెసిస్టెన్స్ తగ్గుతుంది కాబట్టి, అబ్బ ఇవాళ భలే లాగుతోంది అనుకుని ఇంకో రెండు నిమిషాలు ఎగరేస్తాం. టైమర్ పెట్టుకోండి. 2200లో 80 శాతం, అంటే 1760 ఎంఏహెచ్ కంటే ఎక్కువ వాడకూడదు, తిరిగి ఛార్జర్ ఎంత ఎక్కించిందో చూసి టైమర్ సరిచెయ్యండి. దిగాక ప్యాక్ చేత్తో హాయిగా పట్టుకోగలగాలి. వేడిగా ఉన్నదాన్ని ఛార్జ్‌కి పెట్టకండి, నీడలో చల్లారనివ్వండి. ఇక ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్, తర్వాత బ్యాటరీ, తీసేటప్పుడు తిరగేసి, ఇంట్లో టెస్ట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి, ఇవి మీకు తెలిసినవే. మా వాడికి మాత్రం నేను ప్రతిసారీ చెప్తా, వాడు "తెలుసు మావయ్యా" అంటాడు, అయినా చెప్తా.

ఆ ఉబ్బిన ప్యాక్ ఏం చేశానో చెప్తా. ఉప్పునీళ్ళలో వేస్తే అయిపోతుందంటారు, అవి బయటి ట్యాబ్‌లని తినేస్తాయి, ఛార్జ్ లోపలే ఉండిపోతుంది. నేను కారు ఇండికేటర్ బల్బ్, 21 వాట్లది, వైర్లు టంకం పెట్టి తయారుచేసుకున్నా. ఇసుక బకెట్‌లో ప్యాక్ పెట్టి, సాయంత్రం టెర్రస్ మీద బల్బ్ కలిపి దూరంగా కూర్చున్నా. వాచ్‌మెన్ పైకొచ్చి ఇదేం దీపం సార్ అని అడిగాడు. గంటన్నరకి బల్బ్ ఎర్రబారి ఆరిపోయింది. ఆరిపోయిందని వదిలెయ్యకండి, మీటర్ పెడితే ఇంకా 1.1 వోల్ట్ చూపించింది, బల్బ్ అలాగే తగిలించి రాత్రంతా ఉంచా, పొద్దున్న చూస్తే సున్నా. వైర్లు ఒక్కొక్కటిగా కోసి టేప్ చుట్టి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేశా. కార్పొరేషన్ చెత్త డబ్బాలో మాత్రం వెయ్యొద్దు, ఆ లారీ లోపల చెత్తని నొక్కేస్తుంది, పక్కనంతా ఎండు కాగితాలు, వెనకాల మనుషులు వేలాడుతూ ఉంటారు.