బంతిరేకలు, పారిజాతాలు, చోళ్లు: పసిపిల్లలకి శరత్కాలపు ఆటతొట్టి ఇంట్లో ఎలా పెట్టాలి?

అక్టోబరు వచ్చిందంటే ఫోన్లో ఆ ఫొటోలు మొదలు. ఎర్రటి మేపుల్ ఆకులు, గుండ్రటి గుమ్మడికాయలు, మధ్యలో స్వెటర్ తొడుక్కున్న పిల్ల. అది చూసి మనవాళ్లు ఆన్‌లైన్లో ప్లాస్టిక్ ఆకులు తెప్పించి టబ్బులో పోస్తారు, పిల్లలు చేతులు పెట్టి తడిమి ఆడుకునే ఆటతొట్టి అని. ప్లాస్టిక్ ఆకుని ముట్టుకుంటే పిల్లకి తెలిసేదేమిటి? ప్లాస్టిక్కే.

మన దగ్గర ఆకులు రాలేది సంక్రాంతి దాటాక, శిశిరంలో. శరత్తులో రాలేవి పారిజాతాలు. విశాఖ పిల్లలు అక్టోబరులో రోడ్డు నిండా ఆకులు చూసింది 2014లో, 12వ తేదీన హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు. ఆ ఏడాది ఎవరికీ ఆటలు గుర్తు లేవు. కాబట్టి మేపుల్ సంగతి వదిలేయండి. మన శరత్తు ముక్కుకీ వేళ్లకీ తెలుస్తుంది: బంతి వాసన, పారిజాతం ఆకు గరుకు, సరుగుడు కాయ గుచ్చుడు. మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఏటా దసరా నుంచి కార్తీక పౌర్ణమి దాకా నేను పెట్టే తొట్టిలో ఉండేవి ఇవే.

సామాను సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వెడల్పాటి టబ్బు, కింద పరచడానికి పాత దుప్పటి, ఒక చేట, జల్లెడ, గిద్దె, సోల, రెండు కొబ్బరి చిప్పలు. రంగురంగుల ప్లాస్టిక్ చెంచాలు కొనకండి. గిద్దెతో కొలిచి సోలలో పోసిన పిల్లకి లెక్క దానంతటదే వస్తుంది.

అడుగున పోయడానికి రెండు కిలోల చోళ్లు. కొన్ని వైపుల వాటినే రాగులంటారు. చాలామంది బియ్యానికి రంగు కలిపి పోస్తారు. నాకు నచ్చదు. ఆ రంగు చేతికీ నోటికీ అంటుతుంది, పైగా ఆ బియ్యం ఇంకెందుకూ పనికిరావు. ఊక పోస్తే దురద, ధాన్యం పోస్తే గుచ్చుకుంటుంది. బీచ్ ఇసక తెచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ ఇసకలో కుక్కలు ఏం చేస్తాయో పొద్దున్నే నడకకి వెళ్లేవాళ్లని అడగండి. చోళ్లు అసలే శరత్తు రంగు. జల్లెడలో పోసి ఊపితే రేకు మీద వాన పడిన చప్పుడు. తిండిగింజ కనుక కాళ్లు పెట్టనివ్వను, చేతులు మాత్రమే.

సరుగుడు కాయలు భీమిలి దారిలో తోపుల కింద దొరుకుతాయి. కడిగి ఎండబెడితే చాలు. పారిజాతం ఆకులు పచ్చివే వేయండి, ఉప్పుకాగితంలా ఉంటాయి. మొన్నటేడు మా కింది ఇంటి బుడ్డోడు ఆకుని చెంపకి రాసుకుని "ఏటిది పిన్నీ, నాన్న గెడ్డంలాగుంది" అన్నాడు. రెల్లు పూలు చూడ్డానికి బాగుంటాయని తేకండి. ఆ దూది ముక్కులోకి పోయి దగ్గు పట్టుకుంటుంది.

ఇక అందరూ పాడుచేసేది బంతిరేకలు ఎండబెట్టడం దగ్గర.

మనది సముద్రపు గాలి. పైకి ఎండినట్టు కనిపించిన రేకులో లోపల తేమ ఉంటుంది. డబ్బాలో వేసి మూత పెట్టారా, బూజు ఖాయం. మొదటేడు నేనూ అలాగే తొందరపడ్డాను. వారం తర్వాత ఆరుగురు పిల్లల ముందు స్టీలు డబ్బా మూత తీస్తే తెల్లటి నూగు, మురిక్కాలవ వాసన. ఇద్దరు తుమ్ముతూనే ఇంటికెళ్లారు.

పండగ మర్నాడు పూర్ణా మార్కెట్లోనో రైతుబజారులోనో పావుకిలో విడిపూలు తీసుకోండి. దండలు వద్దు, దారం ముక్కలు రేకుల్లో ఉండిపోతాయి. బళ్లకి కట్టి తీసేసిన దండలు అసలే వద్దు, రోడ్డు దుమ్మంతా వాటిమీదే. పూలకి మందులు కొడతారు కనుక పువ్వు పళంగానే రెండుమూడు నీళ్లలో జాడించండి. రేకలు తుంచాక కడిగితే ముద్దయిపోతాయి. నూలు తువ్వాలు మీద తలకిందులుగా పెట్టి మూడు గంటలు ఫ్యాన్ కింద ఆరనివ్వండి. అప్పుడు తొడిమ పట్టుకుని, రేకలన్నీ ఒక్కసారిగా మెలితిప్పి లాగండి. ఆ పచ్చటి తొడిమ తొట్టిలోకి రాకూడదు. తేమంతా, పురుగంతా అక్కడే ఉంటుంది.

చేటలో కాగితం పరిచి రేకల్ని ఒక్క వరసలో పరచండి. ఒకదాని మీద ఒకటి పడితే కిందది కుళ్లుతుంది. ఎండలో పెట్టకండి, రంగు వెలిసిపోతుంది. బాల్కనీలోనూ వద్దు, మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలి పొద్దుటి ఆరుడంతా తిరగబెడుతుంది. గదిలో, ఫ్యాన్ కింద. రోజూ కాగితం మార్చండి, రేకల్ని చేత్తో కదపండి. నాలుగు రోజులు పడుతుంది, మబ్బుగా ఉంటే ఆరు. తుపాను హెచ్చరిక ఉన్న వారం అసలు మొదలుపెట్టకండి. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు చాలంటారు కొందరు. నేనూ చూశాను: ఒక పక్క మాడింది, రెండో పక్క మెత్తగానే ఉంది.

ఎండిందో లేదో కంటితో తేల్చకండి. గుప్పెడు తీసి చెవి దగ్గర నలపండి. గలగలమనాలి. చప్పుడు లేకపోతే మళ్లీ చేటలోకే. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలినా అంతే. గలగలమన్నాక కూడా ఇంకొక్క రోజు వదిలేయండి. ఆ తర్వాత కాగితం సంచిలో పెట్టండి, స్టీలు డబ్బాలో కాదు. పురుగు పట్టకుండా కర్పూరం బిళ్లో, కలరా ఉండో వేసే అలవాటు మనకుంది. ఆ పని చేయకండి. రెండూ పిల్లల కడుపులోకి పోతే విషం. చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల పొట్లాలు కూడా ఈ దరిదాపుల్లో ఉండకూడదు.

గింజల విషయంలోనూ అంతే గట్టిగా చెబుతాను. గురివింద గింజలు అందంగా ఉంటాయని తొట్టిలో వేసేవాళ్లని చూశాను. నమిలితే ప్రాణం మీదికొస్తుంది. పచ్చగన్నేరు కాయలూ విషమే. సీతాఫలం ఈ కాలపు పండే గానీ గింజ నలిగి కంట్లో పడితే కన్ను వాచిపోతుంది. శనగలూ వద్దు. ముక్కులో దూర్చుకుంటే అక్కడే నాని ఉబ్బుతాయి. ఒకవేళ అలా జరిగితే పిన్నుతో లాగకుండా నేరుగా చెవి-ముక్కు డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

మూడేళ్లలోపు పిల్లలకి చోళ్లు, సరుగుడు కాయలు రెండూ వద్దు. వాళ్లకి పారిజాతాలే. రాత్రి చెట్టు కింద దుప్పటి పరిస్తే తెల్లారేసరికి నిండుతుంది. బేసిన్లో బెత్తెడు నీళ్లు పోసి పూలు వదలండి. కాషాయం కాడని వేళ్లతో నలిపితే పసుపు దిగుతుంది. బేసిన్ ఎంత చిన్నదైనా పక్కనుంచి కదలకండి. పులుసుకి తెచ్చిన తీపిగుమ్మడిని రెండు చెక్కలు చేసి, గింజలు మీరే తీసేసి, జిగురు పీచు వాళ్లచేత గోకించినా మంచి ఆటే.

తొట్టి ముందు కూర్చోబెట్టాక నోరు మూసుకోండి. "ఇదేం రంగు? ఇదెన్ని?" అని పరీక్ష పెట్టకండి. చెయ్యి పెట్టనంటే గరిటె ఇవ్వండి, అదీ వద్దంటే మీరు ఆడండి. పట్టుకుని చెయ్యి ముంచితే ఆ పిల్ల మళ్లీ ఆ గదిలోకి రాదు. అరగంట చాలు.

అయ్యాక చేతులు కడిగించి, చోళ్లు జల్లించి డబ్బాలో పోయండి. సీజను చివర పిచ్చుకలకి వేయొచ్చు. డబ్బా మీద 'ఆట చోళ్లు' అని పెద్దక్షరాలతో రాయడం మర్చిపోకండి. రాయనందుకు ఒక ఏడు మా అత్తగారు వాటితో అంబలి కాచేశారు. చాలా బాగుందని మా ఆయన రెండో గ్లాసు కూడా తాగారు.