బడికి పంపని పిల్లకు లెక్కలు: రైతుబజారు చిట్కా

బడికి పంపకుండా ఇంట్లోనే నేర్పుదామనుకున్న వాళ్లకు మొదటి తలనొప్పి ఇదే: అంకెల పుస్తకం తీయగానే ఆరేళ్ల పిల్ల మంచం కిందికి దూరుతుంది. మేము పుస్తకం పక్కన పెట్టి రైతుబజారు దారి పట్టాం.

కొనాల్సిన రెండు కూరగాయల పేర్లు ముందు రోజు రాత్రి పిల్లే కాగితం మీద రాయాలి. రాయడం రాకపోతే బొమ్మ వేయాలి. మా అమ్మాయి వేసిన బెండకాయకు మీసాలున్నాయి, అయినా పని జరిగింది. పొద్దున 10 రూపాయల నాణేలు ఐదు చేతికివ్వండి. నోట్లకన్నా నాణేలు నయం, ఒక్కొక్కటీ తీసి పెట్టి లెక్కించుకోవచ్చు. ధరల బోర్డు మీద కిలో 40 అని ఉంటే అరకిలోకు రెండు నాణేలు. ఆ లెక్క తననే వేసుకోనివ్వండి. తప్పితే అమ్మే ఆవిడే సరిచేస్తుంది, మీరు నోరు మెదపకండి. ఇంటికొచ్చాక చీటీ మీద తేదీ వేసి ఫైలులో పెట్టండి. ‘పిల్ల ఏం చదువుతోంది?’ అని అడిగే మేనత్తలకు ఆ ఫైలు చాలు. ‘మరి పదో తరగతి?’ అంటే, 14 ఏళ్లు నిండాక, బడికి వెళ్లకుండానే పదో తరగతి రాయించే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో చేరవచ్చని చెప్పండి. జనన ధ్రువపత్రం మాత్రం భద్రంగా ఉంచుకోండి.

ఆదివారం పొద్దున వెళ్లకండి. ఆ రద్దీలో పిల్ల నాణేలు లెక్కపెట్టేదాకా ఎవరూ ఆగరు, బెదిరిపోయి మళ్లీ రానంటుంది. తిరిగి వచ్చే దారిలో ‘ఎంత మిగిలిందో చెప్పు’ అని పరీక్ష పెట్టినా అంతే.